నిలబెడితే ఆగిపోయే బండితో శంషాబాద్‌కు

శంషాబాద్ వెళ్తున్నామంటే మా రాజమండ్రిలో ఎవరైనా వెంటనే అడిగే మాట, "ఏ దేశమండీ?" అని. మేం ఏ దేశమూ వెళ్లలేదు. విమానం లోపల ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలియదు. నేనూ, మా ఆవిడ సుభద్రా పదహారేళ్ల నాటి పెట్రోలు కారు వేసుకుని నాలుగు రోజుల కోసం వెళ్లి వచ్చాం. వచ్చి పది రోజులైంది. అక్కడి విశేషాలేమిటని అడిగినవాళ్లకు జొన్నరొట్టెల గురించి చెప్పి పంపించేస్తున్నాను. మిగతాది నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. నలభై రెండేళ్లు ఒక రేకుల షెడ్డులో కార్లు బాగుచేశాను. బండి గుమ్మం ముందుకు వచ్చి ఆగేలోపే దాని జబ్బేమిటో చెప్పేవాణ్ణి. వాల్వు కొట్టుకుంటోందా, బేరింగు అరిగిందా, ఇంజను ఎక్కడినుంచైనా దొంగగాలి లాగుతోందా అన్నది చెవితోనే తెలిసిపోయేది. "ఆయన చెవి బంగారం" అనేవారు. ఆ బంగారానికి ఈ మధ్య గిరాకీ పడిపోయింది. కొత్త కార్లన్నీ షోరూముల వాళ్లే చూసుకుంటున్నారు. కిందటి వేసవిలో షెడ్డు మూసేశాను. మూసేసిన మర్నాటి నుంచి పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియక వీధి అరుగు మీద కూర్చుంటున్నాను.

అలా కూర్చున్న రోజుల్లో మల్లేశ్ ఫోన్ చేశాడు. పాతికేళ్ల కిందట లారీ క్లీనరుగా మా ఊరు వచ్చాడు. లారీ మా షెడ్డు ముందు చెడిపోయింది. లారీ నెల రోజుల్లో బాగై వెళ్లిపోయింది గానీ ఇతను వెళ్లలేదు. నాలుగేళ్లు నా దగ్గర పని నేర్చుకున్నాడు. సొంతూరు శంషాబాద్ పక్కన పాల్మాకుల. ఇప్పుడు మంఖాల్‌లో, శ్రీశైలం రోడ్డు పక్కన, అతనికి సొంత షెడ్డుంది. ఎయిర్‌పోర్టు క్యాబులన్నీ అక్కడికే వస్తాయట.

"ఉస్తాద్, నా దగ్గర మిషన్లున్నయ్, ఆరుగురు పనోళ్లున్నరు. నీ లెక్క చెవి ఉన్నోడు ఒక్కడు లేడు. వచ్చి నా దగ్గరుండు. నువ్వు పానా పట్టొద్దు, ఇంజను ఇని చెప్పు చాలు. రూమిస్త, జీతమిస్త," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాలుగు రోజులు వెళ్లి చూసి, మనసు కుదిరితే దసరా తర్వాత మకాం మార్చేద్దామని సుభద్రతో అన్నాను. నా మనసు ఎప్పుడో కుదిరిపోయింది. ఈ పని దక్కకపోతే నేనిక మెకానిక్కును కాను. మెకానిక్కును కానప్పుడు నేనేమిటో నాకు తెలియదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని తక్కినది చదవండి.

టోల్ గేటు

విజయవాడ దాటాక కూడా బండి బుద్ధిగానే నడిచింది. సూర్యాపేటలో భోజనం చేశాం. పప్పులో చింతపండు పులుపు, కూరలో మాకు అలవాటు లేని నువ్వుల పొడి. సుభద్ర లొట్టలు వేసుకుంటూ తిని, వంట చేసినావిడను అడిగి మరీ వివరం తెలుసుకుంది. సూర్యాపేట దాటి కొంత దూరం పోయాక టోల్ గేటు వచ్చింది. ముందు నాలుగు బళ్లున్నాయి. బ్రేకు మీద కాలు పెట్టి నిలబెట్టాను. ఇంజను రెండుసార్లు వణికి ఆగిపోయింది.

మళ్లీ తాళం తిప్పాను, లేచింది. ఒక బండి దూరం జరిగి నిలబెట్టాను, మళ్లీ ఆగిపోయింది. పరిగెత్తుతున్నంతసేపూ ఏ బాధా లేదు. నిలబెట్టామా, నూనె అయిపోయిన దీపంలా కొండెక్కేస్తోంది. గేటు కర్ర పైకి లేచేసరికి మాకు కదలిక లేదు. వెనక లారీలన్నీ ఒక్కసారి హారన్లు మోగించాయి. ఒక లారీ డ్రైవరు దిగి వచ్చాడు. తలకు తువ్వాలు, నోట్లో వక్కపలుకు.

"బాపూ, గేరు దియ్యి, నేను నూకుత," అని ఒక్కడే భుజం పెట్టి బండిని పక్కకు తోశాడు. తోశాక చెయ్యి దులుపుకుంటూ అడిగాడు, "ఏం పని జేస్తవు బాపూ?"

"బళ్లో పంతుల్ని. రిటైరయ్యాను," అన్నాను.

"గదే అనుకున్న," అని వెళ్లిపోయాడు. సుభద్ర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతని లారీ వెళ్లాక ఆమె అంది, "ఏవండీ, ఇందాకట్నుంచీ ముందు వైపు ఏదో సన్నగా బుస కొడుతున్నట్టుంది."

"ఏసీ గాలి."

"ఏసీ వెయ్యలేదు కదండీ."

"సుభద్రా, నలభై రెండేళ్లు నేను ఇంజన్ల చప్పుడు విన్నాను. నువ్వు పోపు చప్పుడు విన్నావు," అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నొచ్చుకుంటున్నాను.

బానెట్ ఎత్తి చెవి పెట్టాను. నాకు ఏ బుసా వినపడలేదు. అప్పుడొక తప్పు పని చేశాను. కార్బొరేటరు రోజుల్లో నిలబెడితే ఆగిపోయే బండికి ఒక మందుండేది. చిన్న స్క్రూ ఒకటి అరచుట్టు బిగిస్తే రేస్ పెరిగి, ఇంజను ఆగకుండా నిలబడేది. మా బండి లాంటి వాటికి గాలి తలుపు దగ్గర అలాంటి స్క్రూ ఉంటుంది గానీ దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకోవద్దనే దాని మీద రంగు చుక్క పెడతారు. గాలి సంగతి, పెట్రోలు సంగతి ఇప్పుడు కంప్యూటరు చూసుకుంటుంది, మధ్యలో మనం వేలు పెడితే దానికి లెక్క తప్పుతుంది. నాకు తెలియక కాదు. నలభై రెండేళ్లు తిరిగిన చెయ్యి ఊరుకోదు. తిప్పేశాను. ఇంజను గావుకేక పెట్టి నిలబడింది. రింగు రోడ్డు దిగేచోట టోల్ దగ్గర ఆ కేక కూడా ఆగి, బండి యథాప్రకారం చచ్చిపోయింది.

పాల్మాకుల

సాయంత్రం అయిదింటికి మల్లేశ్ ఇల్లు చేరాం. ఊరి చివర డాబా, వెనక అరెకరం మక్కజొన్న. దాని అవతలంతా తెల్లరంగు వేసిన హద్దురాళ్లు. మల్లేశ్ తల్లి బాలమ్మ మమ్మల్ని కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చి, రాళ్ల వైపు చెయ్యి చూపించింది.

"గా రాళ్లన్ని వెనకట చేన్లే. ఇగ ఇప్పుడు ఎవల్ని అడిగినా గజమెంత అంటరు గని పంటెంత అనరు."

మా తల మీదుగా ఒక విమానం చక్రాలు కనిపించేంత కిందుగా పోయింది. నేను తలెత్తి నోరు తెరుచుకుని చూశాను. బాలమ్మ పొయ్యి మీద రొట్టె తిప్పుతోంది, తల కూడా ఎత్తలేదు. మా ఇంటి ముందు గోదావరిని మేం చూసేదీ అంతే.

బియ్యంతో వండింది తప్ప ఇంకేదీ అన్నం కాదనుకునే జిల్లా మాది. ఆ పూట జొన్నరొట్టె, పచ్చిపులుసు, కోడికూర. మొదటి రొట్టె నమలడానికి నాకు పది నిమిషాలు పట్టింది. రెండోది వద్దంటే బాలమ్మ వినలేదు. "బువ్వ తినేటోళ్లకు దవడలు మెత్తగుంటయ్," అని ఇంకో రొట్టె వేసింది. తీరా చూస్తే నాలుగు తిన్నాను. సుభద్ర రొట్టె చేత్తో తట్టడం నేర్చుకుంటానని కూర్చుని, భారతదేశం పటం లాంటిదొకటి చేసింది.

ఇంకో సంగతి. మా వైపు గురువును నువ్వు అంటే చెంప పగిలిపోతుంది. మల్లేశ్ నన్ను ఉస్తాద్ అంటూనే నువ్వు అంటాడు. మొదటి పూట కొంచెం గుచ్చుకుంది. కానీ చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు తనే పోశాడు, మంచం మీద పక్క తనే దులిపాడు. మర్యాద గారులోనూ అండీలోనూ ఉంటుందని నేననుకున్నది మా వైపు లెక్క మాత్రమే.

మంఖాల్ షెడ్డు

మర్నాడు పొద్దున్న శంషాబాద్ ఊళ్లోంచి మంఖాల్ వెళ్లాం. మల్లేశ్ బైకు మీద ముందు పోయాడు. బజారులో మా బండి మూడుసార్లు ఆగింది. మూడోసారి నడిరోడ్డు మీద. ఒక ఆటో అతను తల బయటపెట్టి, "కాకా, గీడ సంసారం పెడ్తవా ఏంది? జర పక్కకు జరుగు," అన్నాడు. జరగడానికే కదా నాయనా నా తిప్పలు అనుకున్నాను. అక్కడే చాయ్ తాగాం, పదిహేను రూపాయలు. ఇదే చాయ్ ఎయిర్‌పోర్టు లోపల రెండు వందలు దాటుతుందని, అందుకే విమానం ఎక్కేవాళ్లు కూడా తన దగ్గరే తాగి పోతారని హోటలాయన గర్వంగా చెప్పాడు.

షెడ్డు నేననుకున్న దానికి మూడింతలుంది. ఒక్క నూనె మరక లేకుండా నేల కడిగించాడు. నా కోసం వాకిట్లో కుర్చీ వేయించాడు. ఆరుగురు పనివాళ్లు, అందరూ ముప్పై దాటినవాళ్లే, వరసగా వచ్చి కాళ్లకు దండం పెట్టారు. మల్లేశ్ వాళ్లకు నా గురించి ఏం చెప్పాడో గానీ నన్ను చూసే చూపులో భయం కూడా ఉంది.

వాళ్లు ముందు బండికి స్కానర్ తగిలించారు. ఇంజనులోకి లెక్కకు మించి గాలి పోతోందని చెప్పింది గానీ ఎక్కడినుంచో చెప్పలేదు. అది చెప్పడం దాని వల్ల కాదు కూడా. అప్పుడు మల్లేశ్ చెయ్యి ఎత్తాడు. గ్రైండరు ఆగింది. కంప్రెషరు ఆగింది. మూల మోగుతున్న రేడియో ఆగింది.

"ఉస్తాద్ ఇంటడు," అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నా షెడ్డులో నేనొక కట్టడి పెట్టాను. ఉస్తాద్ చెప్పకముందు పనివాడెవడూ జబ్బు పేరు ఎత్తకూడదు. ఒకడు ఒక మాట అంటే పదిమంది చెవులూ ఆ మాటే వింటాయి, ఇంజను చప్పుడు వినవు. అందుకని పెట్టాను. మల్లేశ్ దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆరుగురూ చేతులు కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డారు.

పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. లోపల పిస్టన్ల దడదడ. వాల్వుల టకటక. అంతే. ఇంకోచోట పెట్టాను. మళ్లీ అదే. ఇంజను రెండుసార్లు ఆగింది, మల్లేశ్ రెండుసార్లు లేపాడు. చెమట చెవి వెనక నుంచి మెడ మీదికి కారడం తెలుస్తోంది గానీ చెవిలోకి మాత్రం ఏమీ రావడం లేదు. తల ఎత్తితే ఏడుగురూ నన్నే చూస్తున్నారు. నా కోసం వేసిన కుర్చీలోంచి సుభద్ర కూడా.

"పెట్రోలు తేడాగా ఉన్నట్టుంది," అన్నాను.

ఆడలేక మద్దెల ఓడు అనే సామెత ఎవరు కనిపెట్టారో గానీ నన్ను చూసే కనిపెట్టి ఉండాలి. మల్లేశ్ పెట్రోలు తీయించి కొత్తది పోయించాడు. ఇంజను ఆగిపోయింది. ప్లగ్గులన్నాను, ప్లగ్గులు మార్చారు. ఇంజను ఆగిపోయింది. మూడు గంటలు గడిచాయి. అవతల నాలుగు క్యాబులు వరసలో ఎదురుచూస్తున్నాయి. ఒక్కడూ విసుక్కోలేదు, ఒక్కడూ నోరు తెరవలేదు.

"ఇంజను పూర్తిగా చల్లారాలి. రేపు చూద్దాం," అన్నాను.

"అట్లనే ఉస్తాద్," అన్నాడు మల్లేశ్.

మక్కచేను పక్కన

ఆ సాయంత్రం నేనూ సుభద్రా మల్లేశ్ ఇంటి వెనక మంచం మీద కూర్చున్నాం. మేం షెడ్డులో ఉండగా ఇక్కడ వాన కురిసినట్టుంది, చేనులోంచి తడి వాసన వస్తోంది. ఇంకా చీకటి పడలేదు. సుభద్ర రెండు చెవులూ మూసుకుంది.

"ఏం కీచురాళ్లండీ బాబూ. చెవులు తూట్లు పడిపోతున్నాయి."

"ఏవీ?" అన్నాను.

ఆమె చేతులు దించి నా వైపు చూసింది. నేను చేను వైపు తిరిగి ఊపిరి బిగబట్టి విన్నాను. రోడ్డు మీద లారీ పోవడం వినిపించింది. ఇంట్లో బాలమ్మ ఎవరినో కేకలేయడం వినిపించింది. చేనులోంచి మాత్రం ఏమీ లేదు. గాజు గోడ అవతల ఉన్నట్టు ఆకులు ఊరికే కదులుతున్నాయి.

నాలుగైదేళ్లుగా మా ఊళ్లో కీచురాళ్లు లేవని, పిచ్చుకలు పోయాయని, సెల్‌ఫోను టవర్ల వల్లేనని నేను అందరికీ ఉపన్యాసాలిచ్చాను. అవి ఎక్కడికీ పోలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అని అడిగాను.

"రెండేళ్లు దాటింది. కుక్కర్ కూతలు లెక్కపెట్టమంటే మీరు వంటింటి గుమ్మంలోకి వచ్చి దాని మూత వైపు చూస్తూ లెక్కపెడుతున్నారు. మీకే తెలియదు."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పనండీ? మీకున్నది అదొక్కటే కదా," అంది.

రేకుల మీద సుత్తి దెబ్బలు నలభై రెండేళ్లు ఊరికే పోవట. ముందు సన్నటి చప్పుళ్లే పోతాయట. తిరిగొచ్చాక చెవి డాక్టరు చెప్పాడు. దొంగగాలి లాగే గొట్టం చేసేది ఆ సన్నటి చప్పుడే. కళ్లు పోతే కర్ర పట్టుకుంటాం, కాళ్లు పోతే కుర్చీలో కూర్చుంటాం. నా చేతిలో నలభై రెండేళ్ల విద్య మొత్తం అలాగే ఉంది, దానిలోకి వెళ్లే తలుపు మూసుకుపోయింది. నాకు ఆ సాయంత్రం బాలమ్మ పెట్టిన అన్నం కూడా దిగలేదు. వాళ్లు జొన్నరొట్టె పడలేదనుకుని, నా కోసం వేరే అన్నం వండారు పాపం.

ఊదుబత్తి

మూడో రోజు షెడ్డుకు వెళ్లేసరికి వాకిట్లో టమాటా ట్రేలతో ఒక ట్రాలీ ఆటో ఉంది. కందుకూరు రైతు, పేరు నర్సింహ. మార్కెట్లో సరుకు చాలావరకు దించి, బ్రేకులు చూపించుకోవడానికి వచ్చాడు. మల్లేశ్ నా బండి లేపాడు. మళ్లీ అన్ని మిషన్లూ ఆగాయి. మళ్లీ ఆరుగురూ చేతులు కట్టుకున్నారు. నేను మళ్లీ స్క్రూడ్రైవరు పట్టుకుని వంగాను.

నర్సింహ రెండు నిమిషాలు ఓపిక పట్టాడు. అతనికి మా కట్టడి ఏం తెలుసు?

"ఏందన్నా, గంత గనం బుస కొడ్తాంటే అందరు గట్ల బొమ్మల్లెక్క నిలబడ్డరు? గాలి గుంజుతలేదా అది?"

"నువ్వుండు కాకా," అని ఒక పనివాడు అతని భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

దారిన పోయే రైతుకు వినపడింది. మా ఆవిడకు టోల్ గేటు దగ్గరే వినపడింది. ఈ ఆరుగురికీ, మల్లేశ్‌కీ నిన్నటి నుంచీ వినపడుతూనే ఉండాలి. అప్పుడు నిజం చెప్పేసి ఉంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ వచ్చింది వేరే మాట.

"బుస నేను నిన్ననే విన్నాను. అది ఏ గొట్టంలోదో పట్టుకోవాలి కదా. ఒక ఊదుబత్తి తెండి," అన్నాను.

గోడకున్న దేవుడి పటం దగ్గరి పొట్లంలోంచి ఒకటి తీసి వెలిగించి ఇచ్చారు. పెట్రోలు కారుతున్న చోట ఎవరూ ఇలాంటి పని చేయకూడదు, ముందే అంతా తుడిచి చూసుకున్నాం. పొగను ఒక్కో గొట్టం పక్కగా నడిపించాను. పొగ నిటారుగా లేస్తోంది, మెల్లగా పక్కకు వాలుతోంది. ఇంజను వెనక, బ్రేకుకు పోయే లావు గొట్టం మెడ దగ్గరికి వచ్చేసరికి చటుక్కున వంగి గొట్టం కిందికి దూరిపోయింది. వేలు పెట్టి తడిమాను. గోరంత చీలిక. మల్లేశ్ దాన్ని బొటనవేలితో నొక్కి పట్టాడు. ఇంజను వణుకు ఆగి నిమ్మళంగా నిలబడింది. అది నాకు చెవికి కాదు, ఫెండరు మీద పెట్టిన అరచేతికి తెలిసింది.

"గదీ," అన్నాడు నర్సింహ.

కొత్త గొట్టం నూట ఎనభై రూపాయలు. అరగంట పని. ఆఖర్న మల్లేశ్ గాలి తలుపు దగ్గర వంగి, చిన్నగా అన్నాడు, "ఈ స్క్రూ ఎవడో తిప్పిండు ఉస్తాద్."

"దారిలో ఎవడో మెకానిక్కు," అన్నాను.

మల్లేశ్ దాన్ని రంగు చుక్క ఉన్నచోటికి తిప్పి, కంప్యూటరుకు మళ్లీ మొదట్నుంచి లెక్క నేర్పించాడు. బండి నిలబడింది. పావుగంట, అరగంట, ఆగలేదు. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. నర్సింహ ఒక సంచి నిండా టమాటాలు తెచ్చి సుభద్ర చేతిలో పెట్టాడు. మల్లేశ్ నన్ను వెనకవైపు కొత్తగా సున్నం వేసిన గదికి తీసుకెళ్లాడు. మంచం, ఫ్యాను, కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది.

"దసరా ఎల్లంగనే వచ్చెయ్యి. ఇగ పరేషాన్ గాకు," అన్నాడు.

వస్తానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు సంతోషం వేసింది, అది దాచను. దొంగ సొమ్ము చేతిలో పడినవాడికి కూడా కాసేపు సంతోషమే ఉంటుంది.

విమానాల రోడ్డు

ఆ మధ్యాహ్నం సుభద్ర విమానాలు దగ్గరగా చూడాలంది. ఎయిర్‌పోర్టు గోడ వెంట పోయే రోడ్డు పక్కన జనం బళ్లు ఆపుకుని చూస్తుంటారు. మేమూ ఆపాం. ఒకామె బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తోంది, నాలుగు ముప్పై రూపాయలు. మా బజ్జీల్లో వాముంటుంది, ఉల్లిపాయ కూరతారు. ఇక్కడ లోపల చింతపండు గుజ్జు రాస్తారు. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికే.

"మల్లేశ్‌కి చెప్పెయ్యండి," అంది సుభద్ర.

"చెప్తే ఏం మిగుల్తుంది నాకు?"

"చెప్పకపోతే ఏమవుతుందో అది చూడండి. ఆ చీలిక పడింది బ్రేకు గొట్టానికి కదా. రేపు ఎవడో క్యాబు తెస్తాడు. మీరు విని, ఏం లేదు పొమ్మంటారు. వాడు అయిదుగురిని ఎక్కించుకుని ఈ రోడ్డు మీదే పోతాడు."

"ఊదుబత్తి వెలిగిస్తాను."

"అరిగిన బేరింగుకు పొగ పెడితే తెలుస్తుందాండీ?"

పోపు చప్పుడు తప్ప ఏమీ వినలేదని నేనన్న మనిషి అడిగిన ప్రశ్న అది. జవాబు లేనివాడికి కోపమే దిక్కు కాబట్టి కోప్పడ్డాను. నీకు నేను అరుగు మీద చచ్చేదాకా కూర్చోవడమే కావాలన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. ఆమె బజ్జీల కాగితం మడిచి, చెత్తబుట్ట ఎక్కడుందా అని వెతుక్కుంటూ వెళ్లిపోయింది. రెండు విమానాలు దిగాయి, ఒకటి ఎగిరింది. పక్కన ఒక కుటుంబం చేతులూపుతోంది. వాళ్లవాళ్లు ఎవరూ అందులో లేరట, ఊరికే ఊపుతున్నారట.

తిరుగు ప్రయాణం

నాలుగో రోజు పొద్దున్న బాలమ్మ సుభద్రకు బొట్టు పెట్టి చీర, నాకు తువ్వాలు పెట్టింది. "దసరకు మీరొస్తరు గద, గప్పుడు పిండివంటలు జేస్త," అంది. సుభద్ర తల దించుకుని చీర మడత సర్దుకుంది.

దారిలో షెడ్డు దగ్గర ఆగమన్నాడు మల్లేశ్. పనివాళ్లంతా అప్పటికే బయట వరసగా నిలబడి ఉన్నారు. మమ్మల్ని లోపల చాయ్‌కి కూర్చోబెట్టి బండి కడిగించాడు. గొట్టాలన్నీ ఇంకోసారి చూసుకున్నాడు. మేం చాయ్ తాగి వచ్చేసరికి బండి ముఖం శ్రీశైలం రోడ్డు వైపు తిప్పి, డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. పెళ్లికొడుకును ఎక్కించినట్టు ఎక్కించాడు. ఆరుగురూ దండాలు పెట్టారు. రోడ్డు మీద బళ్లు పోతూనే ఉన్నాయి.

నేను అందరి వైపూ చూస్తూ చెయ్యి ఊపాను. దసరా దాకా ఎన్ని వారాలో మనసులో లెక్కపెట్టుకుంటూ తాళం తిప్పాను. చేతి కింద గరగరమని ఏదో కొరికినట్టు అదిరింది. ఇంజను అందుకోలేదనుకున్నాను. మళ్లీ మొండికేసి పరువు తీస్తోందనుకుని ఇంకోసారి, ఈసారి గట్టిగా తిప్పాను. ఆ అదురు మణికట్టు దాకా వచ్చింది. సుభద్ర చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది.

మల్లేశ్ నా కోసం ఇంజను ముందే స్టార్టు చేసి ఉంచాడు. గొట్టం మార్చాక వణుకు కూడా లేకుండా, రోడ్డు మీది బళ్ల హోరు కింద అది అప్పటికే తిరుగుతోంది. తిరుగుతున్న ఇంజనుకు సెల్ఫ్ కొడితే పళ్లు పళ్లు కొరుక్కుని ఎంత చప్పుడవుతుందో మెకానిక్కు కానివాడికి కూడా తెలుసు. నేను ఆరుగురు మెకానిక్కుల ముందు రెండుసార్లు కొట్టాను.

కిటికీలోంచి చూశాను. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు నేల చూపులు చూశారు. ఒకడు చేతిలోని గుడ్డతో తుడుచుకున్న చేతినే మళ్లీ తుడుచుకున్నాడు. ఏ ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. మల్లేశ్ ముఖంలో అసలే లేదు. అతను తలుపు మెల్లగా మూసి, కిటికీ మీద చెయ్యి ఉంచి నిలబడ్డాడు. దసరా ముచ్చట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"పైలంగ పో ఉస్తాద్," అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

నేను కదలకుండా అలాగే కూర్చున్నాను. ఇంజను నడుస్తోందో లేదో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

"నడుస్తూనే ఉందండీ," అంది సుభద్ర. "పోనివ్వండి."